ఒకే లోతులో పక్కపక్కనే ఉన్నా రెండు డైవ్ కంప్యూటర్లు వేరే నిమిషాలు ఎందుకు చూపించాయి?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

పోయిన వారం నేనూ మా ఆవిడా అండమాన్‌లోని హావ్‌లాక్‌లో డైవింగ్ చేసి వచ్చాం. మొదటి డైవ్ ఇద్దరం కలిసే చేశాం, బాగా జరిగింది. బోటు ఎక్కాక నా అద్దె డైవ్ కంప్యూటర్‌లో (నీళ్లలో ఇంకెంతసేపు ఉండొచ్చో చూపించే, చేతికి కట్టుకునే పరికరం) బ్యాటరీ అయిపోతోందని షాపువాళ్లు ఇంకోటి ఇచ్చారు. గంట తర్వాత మళ్లీ దిగాం. 16 మీటర్ల దగ్గర ఇంకా 31 నిమిషాలు ఉండొచ్చని తన కంప్యూటర్ చూపించింది. నాది మాత్రం 58 అంది! తనదాని ప్రకారమే పైకి వచ్చేశాం, ఏమీ కాలేదు. కానీ ఆ తేడా గుర్తొస్తే ఇప్పటికీ టెన్షన్‌గా ఉంది. ఒంట్లో నైట్రోజన్ ఎంత ఉందో ఈ కంప్యూటర్ ఎలా కొలుస్తుంది? రెండింట్లో ఏది కరెక్ట్?

ఇంకో విషయం. వచ్చే నెల వైజాగ్ వెళ్తున్నాం. శనివారం ఉదయం రుషికొండలో రెండు డైవ్‌లు, మధ్యాహ్నం కారులో అరకు, ఆదివారం దిగి వచ్చి సాయంత్రం ఫ్లైట్‌లో హైదరాబాద్. డైవ్ చేసిన మర్నాడు ఫ్లైట్ ఎక్కొచ్చా?

జవాబు (తార్నాక నుంచి)

ముందుగా, మీ ఆవిడగారి కంప్యూటర్‌ని నమ్మి పైకి వచ్చేశారు చూడండి, అది చాలా మంచి పని.

కంప్యూటర్ మీ ఒంట్లో నైట్రోజన్‌ని కొలవదండి. అది కొలిచేది బయటి ఒత్తిడిని, గడిచిన సమయాన్ని. సిలిండర్‌లో ఏ గ్యాస్ ఉందో మనం సెట్ చేసి చెప్పాలి. మిగతాదంతా లెక్కే.

ఆ లెక్క ఎలా ఉంటుందంటే, పెసరపప్పునీ శనగల్నీ ఒకేసారి నీళ్లలో పోశారనుకోండి. పప్పు గంటలో నానిపోతుంది, శనగలకి రాత్రంతా కావాలి. రక్తం బాగా తిరిగే భాగాల్లోకి నైట్రోజన్ త్వరగా చేరుతుంది, కొవ్వులాంటి వాటిలోకి నిదానంగా చేరుతుంది. 1908లో హాల్డేన్ అనే శాస్త్రవేత్త మేకల మీద ప్రయోగాలు చేసి, శరీరాన్ని 5 భాగాలుగా ఊహించి లెక్క కట్టాడు. ఒక్కో భాగానికి ఒక్కో 'సగం సమయం' (సగం నిండడానికి పట్టే సమయం): 5, 10, 20, 40, 75 నిమిషాలు. తర్వాత జ్యూరిక్‌లో బూల్మన్ దాన్ని 16 భాగాలకి పెంచాడు. అందులో అన్నిటికన్నా నిదానమైనదానికి సగం సమయం 635 నిమిషాలు. ఈరోజు చాలా కంప్యూటర్లలో నడుస్తున్నది బూల్మన్ లెక్కే.

మీ డైవ్‌తోనే చూద్దాం. 16 మీటర్ల లోతులో ఒత్తిడి సుమారు 2.6 అట్మాస్ఫియర్లు. గాలిలో నైట్రోజన్ 79 శాతం కాబట్టి అక్కడ మీరు పీల్చే నైట్రోజన్ ఒత్తిడి సుమారు 2.05. ఒడ్డున ఉన్నప్పుడు ఒంట్లో ఉన్నది 0.79. 5 నిమిషాల భాగం 5 నిమిషాల్లో ఈ తేడాలో సగం నింపుకుని 1.42కి చేరుతుంది, ఇంకో 5 నిమిషాల్లో మిగిలినదాంట్లో సగం. 40 నిమిషాల భాగం అదే 1.42కి చేరడానికి 40 నిమిషాలు తీసుకుంటుంది. పైకి వచ్చాక ఖాళీ అవడమూ ఇలాగే జరుగుతుంది. ప్రతి భాగానికీ ఒక హద్దు ఉంది. అది దాటి పైకి వస్తే నైట్రోజన్ బుడగలు కట్టి హాని చేసే ప్రమాదం పెరుగుతుంది. ఏదో ఒక భాగం ఆ హద్దుని తాకడానికి ఎన్ని నిమిషాలుందో, తెర మీద కనిపించేది ఆ అంకె. అది దాటితే నేరుగా పైకి రాకూడదు, దారిలో ఆగి ఆగి రావాలి.

ఇప్పుడు మీ సంగతి. మొదటి డైవ్‌లో నానినదంతా గంటలో పోదు. మీ ఆవిడగారి కంప్యూటర్ దాన్ని లెక్కలో ఉంచుకుంది. మీ చేతికిచ్చిన రెండోదానికి మాత్రం మీరు ఆరోజు నీళ్లలో దిగనే లేదు. కాబట్టి ఆ 58 మీ అంకె కాదు. ట్రిప్ మధ్యలో కంప్యూటర్ మార్చాల్సి వస్తే ఆరోజుకి డైవింగ్ ఆపి, 24 గంటలు గడిచాక కొత్తదానితో మొదలుపెట్టడం పద్ధతి. ఆ షాపువాళ్లు ఈ మాట చెప్పకుండా కంప్యూటర్ చేతిలో పెట్టడం నాకు బాధ కలిగించింది.

ఇంకో ప్రశ్న (అల్వాల్ నుంచి)

సార్, మేం కంప్యూటర్లు మార్చలేదు. రెండూ కొత్తవే, ఆరోజు మొదటి డైవే. అయినా 18 మీటర్ల దగ్గర నాకూ మా ఫ్రెండ్‌కీ పది నిమిషాల దాకా తేడా వచ్చింది.

జవాబు (తార్నాక నుంచి)

అమ్మా, అది సెట్టింగ్ వల్ల అయ్యుండొచ్చు. హద్దు దాకా వెళ్లకుండా ఎంత ముందే ఆగాలో చెప్పే 'గ్రేడియంట్ ఫ్యాక్టర్' ఉంటుంది. సాధారణ డైవ్‌లో అందులో రెండో అంకే ముఖ్యం: 45/95 అని పెడితే హద్దుకి 95 శాతం దాకా రానిస్తుంది, 35/75 అయితే 75 దగ్గరే ఆపేస్తుంది. కొన్ని కంపెనీలు బుడగల్ని కూడా లెక్కలోకి తీసుకునే వేరే పద్ధతి వాడతాయి, అక్కడా అంకెలు మారతాయి. దిగేముందు ఇద్దరూ సెట్టింగ్ చూసుకోండి. నీళ్లలో ఎవరిది తక్కువ చూపిస్తే ఇద్దరికీ అదే. ఇద్దరికీ ఒక్క కంప్యూటర్ మాత్రం ఎప్పుడూ వద్దు. మీరు నీళ్లు సరిగ్గా తాగలేదని, రాత్రి నిద్ర లేదని, ప్రవాహానికి ఎదురీదారని దానికి తెలియదు. అందుకే నేను చివరి నిమిషం దాకా ఎప్పుడూ ఉండను. పైకి వచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్ కూడా మానను.

కూకట్‌పల్లి వారికి: మీ ఫ్లైట్ గురించి భయం లేదు, అసలు సమస్య అరకు. ఒకటికన్నా ఎక్కువ డైవ్‌లు చేస్తే ఫ్లైట్‌కి ముందు కనీసం 18 గంటలు ఆగమని డైవర్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ చెబుతుంది. మీకు 24 పైనే ఉన్నాయి. అయితే ఆ సూచన సుమారు 610 మీటర్ల ఎత్తు నుంచి వర్తిస్తుంది, ఎందుకంటే విమానం లోపల కూడా ఎత్తైన చోట ఉన్నట్టే గాలి ఒత్తిడి తగ్గుతుంది. అరకు 900 మీటర్ల పైనే, దారిలో ఘాట్ ఇంకా ఎత్తు. డైవ్ అయిన మూడు నాలుగు గంటలకే కారులో అక్కడికి ఎక్కడమంటే, ఒంట్లో నైట్రోజన్‌తో ఫ్లైట్ ఎక్కినట్టే.

కూకట్‌పల్లి నుంచి

అరకు గురించి అస్సలు ఆలోచించలేదండీ! శుక్రవారం అరకు, శనివారం మధ్యాహ్నానికి కిందికి, ఆదివారం ఉదయం డైవ్ అని మార్చేస్తున్నాను. ఫ్లైట్ కూడా క్యాన్సిల్ చేసి ఆదివారం రాత్రి ట్రైన్ చూస్తాను. హైదరాబాద్ కూడా ఎత్తులోనే ఉంది కదా, పర్వాలేదా?

జవాబు (తార్నాక నుంచి)

మన ఊరు సుమారు 540 మీటర్లు, ఆ 610 కన్నా కిందే. పైగా ట్రైన్ విజయవాడ దాకా పల్లంలోనే వస్తుంది, వరంగల్ దాటాకే బాగా ఎక్కుతుంది. అప్పటికి చాలా గంటలు గడిచిపోతాయి. ఒకవేళ కీళ్ల నొప్పి, తిమ్మిరి, ఒంటి మీద మచ్చలు, మామూలుకి మించిన నీరసం లాంటివి కనిపిస్తే ట్రైన్ ఎక్కకండి. వెంటనే ఆక్సిజన్ పెట్టించి డాక్టర్‌కి డైవ్ వివరాలన్నీ చెప్పండి, హైపర్‌బారిక్ చాంబర్ (ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ ఇచ్చే గది) అవసరం పడొచ్చు. బోటులో ఆక్సిజన్ సిలిండర్ ఉందో లేదో బుక్ చేసేటప్పుడే షాపువాళ్లని అడగండి. లేదంటే వేరే షాపు చూసుకోండి.