ఒక్క స్పూన్ పచ్చి బొప్పాయి పేస్ట్‌కి కిలో మటన్ పిండైపోయింది, ఎలా?

శనివారం రాత్రి కిలో మటన్‌కి పెరుగు, ఉప్పు, ఒక్క స్పూన్ పచ్చి బొప్పాయి పేస్ట్ పట్టించి ఫ్రిజ్‌లో పెట్టా. ఎప్పుడూ గంటన్నరకే వండేస్తా, ఈసారి నిద్రపోయా. పొద్దున చూస్తే ముక్కంతా జిగురు జిగురుగా, వేలితో నొక్కితే విడిపోతోంది, బిర్యానీలో ముక్కన్నదే మిగల్లేదు. నా డౌట్ ఏంటంటే వేసింది ఒక్క స్పూనే కదా, కాసేపు పనిచేసి అయిపోవాలి కదా? మా పాప ఇంటర్ బుక్‌లో ఎంజైమ్ అంటే ఉత్ప్రేరకం అని ఉంది, చదివినా బుర్రకెక్కలేదు.

జవాబు 1:
అయిపోదండి, కిటుకంతా అక్కడే. బొప్పాయి పాలల్లో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అదీ ప్రోటీనే, 212 అమైనో ఆమ్లాల గొలుసు ఉండలా ముడుచుకుని మధ్యలో ఒక గాడి. మాంసం ప్రోటీన్ ఆ గాడిలోకి వచ్చిందా, 25వ స్థానంలో ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లం తన గంధకంతో పట్టుకుంటుంది, గొలుసు తెగి ఒక ముక్క పోతుంది, రెండోది సిస్టీన్‌కే అంటుకుని ఉంటే నీటి అణువు వచ్చి దాన్నీ విడిపిస్తుంది. గాడి మళ్ళీ ఖాళీ, సిస్టీన్ మొదట్లో ఎలా ఉందో అలాగే ఉంది, ఇక ఇంకో గొలుసు పని పడుతుంది. రాత్రంతా ఇదే, ఇలా తాను ఖర్చవకుండా పని జరిపించేదాన్నే ఉత్ప్రేరకం అంటారు. వట్టి నీళ్ళే ఆ గొలుసులోని బంధాన్ని తెంచాలంటే మామూలు వేడిలో వందల ఏళ్ళు పడుతుంది, తెగడానికి ముందు చాలా శక్తి కావాలి కాబట్టి. యాక్టివేషన్ ఎనర్జీ అనేది దాన్నే, ఎంజైమ్ తగ్గించేదీ దాన్నే. ఒక తాళానికి ఒకే తాళంచెవి లాగా ఒక ఎంజైమ్‌కి సరిపోయే పదార్థమే పడుతుందని 1894లో రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ చెప్పిన పోలిక అందరూ చెప్తారు గానీ పపైన్ విషయంలో నాకు నచ్చదు, ఇది రకరకాల ప్రోటీన్లని కోసేస్తుంది.

జవాబు 2:
అక్కా, ఫ్రిజ్‌లో పెడితే స్లో అవుతుంది అంతే, ఆగదు. పొయ్యి మీద పెట్టాక మొదట్లో ఇంకా జోరు, 60-65 డిగ్రీల దగ్గర బాగా పనిచేస్తుంది, అది దాటి బాగా మరిగితే మాత్రం కోడిగుడ్డు తెల్లసొన గట్టిపడ్డట్టు దాని ముడత విప్పుకుపోయి గాడే ఉండదు. అందుకే ఉడికే కూరలో వేస్తే పెద్దగా లాభం లేదు. పండిన బొప్పాయీ వద్దు, పండేకొద్దీ పాలు తగ్గిపోతాయి.

అడిగినవాళ్ళు:
థాంక్యూ అండీ ఇద్దరికీ, "మళ్ళీ ఖాళీ" అన్న దగ్గర నాకు వెలిగింది, పాపకి కూడా చదివి వినిపించా. మిగిలిన పేస్ట్ ఫ్రీజర్‌లో పెడితే పాడైపోతుందా?

జవాబు 2:
పాడవదు అక్కా, గడ్డకట్టి ఊరుకుంటుంది. కరిగిందంటే మళ్ళీ మొదలు, టైమ్ చూసుకుని కలపండి.