వేలం వివరణ ఫోన్‌లో చెదిరిపోతోంది, ఎలా సరిచేయాలి?

నాన్నగారు దాచిన నాణేలు ఆన్‌లైన్ వేలానికి పెడుతున్నాను. మొదటిది 1969 నాటి గాంధీ శతజయంతి పది రూపాయల వెండి నాణెం. బరువు 15 గ్రాములు, వెండి 80 శాతం, అంచు దగ్గర చిన్న గీత... ఇవన్నీ వర్డ్‌లో టేబుల్ గీసి, రంగులు కూడా వేసి (అదో సరదా), కాపీ చేసి పెట్టాను. కంప్యూటర్‌లో ముచ్చటగా ఉంది. ఫోన్‌లో తెరిస్తే సగం టేబుల్ తెర బయటికి పోయింది, అక్షరాలు చీమల్లా ఉన్నాయి. మామూలు టెక్స్ట్‌గా పెడితే లైన్లన్నీ కలిసి ఒకటే ముద్ద.

వెబ్ పేజీలు రాసే కోడ్ హెచ్‌టీఎంఎల్‌లో నాకు కొత్త లైను మొదలుపెట్టే బీఆర్ ట్యాగ్ తప్ప ఏమీ రాదండీ. టేబుల్ తీసేసి ఒక్కో వివరం ఒక్కో లైనులో పెడితే చాలా? లేక వెడల్పు పిక్సెళ్లలో కాకుండా శాతంలో ఇస్తే టేబుల్ నిలుస్తుందా? గీత సంగతి మాత్రం పైనే కనపడాలి, తర్వాత పేచీలు నావల్ల కాదు. వేలం ఆదివారం మొదలు, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.