హిచ్‌కాక్ సైకో 13 ఏళ్ల పిల్లకి చూపించొచ్చా?

మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. సెలవులకి మా అక్క కూతురు వచ్చింది, ఎనిమిదో తరగతి అయిపోయింది. సాయంత్రం బీచ్, రాత్రి ఇంట్లో సినిమా, ఇదీ వరస. ఇప్పుడు సైకో చూద్దాం మావయ్యా అని పట్టు పట్టింది.

నేనెప్పుడో కాలేజీ రోజుల్లో చూశాను. 1960 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా, ఏముంటుందిలే అనిపిస్తుంది గానీ ఆ బాత్రూం హత్య, ఆ వయొలిన్ల కీచు శబ్దం ఇప్పటికీ చెవుల్లోనే ఉన్నాయి. రక్తం బదులు చాక్లెట్ సిరప్ వాడారు, కత్తి దిగడం దాదాపు చూపించరు, అయినా అంతా చూసేసినట్టే ఉంటుంది, అదే దాని గొప్ప, అదే నా టెన్షన్ కూడా. అమెరికాలో ఇప్పుడు దానికి ఆర్ రేటింగ్, అంటే 17 ఏళ్ల లోపువాళ్లు పెద్దవాళ్లతో కలిసే చూడాలి.

ఇదేమో నాకు భయం లేదంటుంది. పోయినేడు ఓ దయ్యం సినిమా చూసి వారం రోజులు లైటు ఆర్పనివ్వలేదు. మళ్లీ అలా అయితే మా అక్క చేతిలో నా పని అయిపోయినట్టే.

ఈ వయసు పిల్లలతో చూసినవాళ్లు చెప్పండి. మెట్ల మీద జరిగేది, చివర్లో కింద గదిలో బయటపడేది బాత్రూం సీను కంటే ఎక్కువ భయపెడతాయా? మొదట్లో హోటల్ గదిలో ప్రేమికుల సీను పక్కన కూర్చుని చూడటానికి ఇబ్బందిగా ఉంటుందా? భయంకరమైన సీన్లు ఎక్కడొస్తాయో ముందే చెప్పేస్తే మజా పోతుందా? లేక హిచ్‌కాక్‌దే ఇంకో సినిమా రియర్ విండోతో మొదలుపెట్టడం నయమా? శనివారం రాత్రిలోపు తేల్చుకోవాలి.