శుక్రవారం ఉపవాసం నాగా పడితే ఎందుకింత గుబులు?

హన్మకొండ సిస్టర్:
అందరికీ వందనాలు. పొద్దున నాలుగున్నరకు ప్రార్థన, రోజుకు బైబిల్లో మూడు అధ్యాయాలు, బుధవారం గృహకూడిక, శుక్రవారం మూడింటి దాకా ఉపవాసం, జీతంలో దశమ భాగం. వీటిలో ఏది నాగా పడినా వారమంతా గుబులే. పిల్లకు జ్వరమొస్తే 'అందుకేనేమో' అనిపిస్తది. విశ్వాసం ఉంది, విశ్రాంతే లేదు. ఏది ఆపాలి, ఏది ఉంచాలి?

కాజీపేట బ్రదర్:
అన్నీ ఒకేసారి ఆపకండి సిస్టర్, భయం రెట్టింపై మళ్ళీ మొదలుపెడతారు. నాగా పడితే ఆకలేసినట్టు వెలితిగా ఉండేదాన్ని ఉంచండి. నాగా పడితే దెబ్బ పడుతుందనిపించేది ఏదో, ముందు దాన్ని పక్కన పెట్టండి. మీ విషయంలో అది ఉపవాసం అనుకుంటా.

మోషే ధర్మశాస్త్రం అందరికీ విధించిన ఉపవాసం ఏడాదికి ఒక్క రోజే, ప్రాయశ్చిత్త దినం (లేవీ 16:29). వారానికి రెండుసార్లు ఉన్నది లూకా 18లో పరిసయ్యుడు, అంటే నియమాలు గట్టిగా పాటించే యూదు భక్తుడు. నీతిమంతుడై ఇంటికి పోయింది సుంకరి, అంటే పన్ను వసూలు చేసేవాడు. నాలుగు శుక్రవారాలు మామూలుగా తినండి, కృతజ్ఞత చెప్పి తినండి. మొదట్లో గుబులు తగ్గదు, పెరుగుతుంది. దాన్ని పరిశుద్ధాత్మ హెచ్చరిక అనుకుని వెనక్కి తగ్గుతారు చాలామంది. ఆత్మ ఒప్పించేటప్పుడు ఫలానా పాపమని చూపిస్తాడు. ఉత్త గుబులుకు పేరుండదు.

జ్వరం సంగతికి యోహాను 9:3 చూడండి, పుట్టుగుడ్డితనం అతని పాపం వల్లా కాదు, తల్లిదండ్రుల పాపం వల్లా కాదన్నాడు ప్రభువు. ఇంకోటి, షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా ఉపవాసం ఉండొద్దు. మందు పడి తిండి పడకపోతే షుగర్ దిగిపోవచ్చు. కూటంలో కళ్ళు తిరిగితే అది ఆత్మ నింపుదల కాదు!

జనగామ:
దశమ భాగం గురించి. మలాకీ 3:10లో కొట్టు నింపమన్నది మందిరంలో ఆహారం ఉండాలని. ద్వితీయోపదేశకాండము 14లో అయితే ఆ పదో వంతును ఇచ్చినవాళ్ళే ఇంటివాళ్ళతో కలిసి దేవుని సన్నిధిలో తిని సంతోషించాలి. మూడేళ్ళకోసారి లేవీయులకు (మందిర సేవ చేసే గోత్రంవాళ్ళకు), పరదేశులకు, అనాథలకు, విధవరాళ్ళకు. ఈ అధ్యాయం కానుకల వేళ చదవగా వినడం అరుదు లెండి.

ఇరవై వేల జీతానికి రెండు వేలు సంతోషంగా ఇవ్వగలిగితే ఇవ్వండి. నూటికి రెండు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి మాత్రం కవరులో పెట్టొద్దు. కలిమి కొలదే ఇవ్వమంటాడు పౌలు (2 కొరింథీ 8:12). ఐదు వందలతో మొదలుపెట్టినా తప్పులేదు.

కరీంనగర్:
కృప అంటే మందిరం మానేయడం కాదు కదా? సమాజంగా కూడడం మానొద్దని హెబ్రీ 10:25 కూడా ఉంది.

కాజీపేట బ్రదర్:
మానమని ఎవరన్నారు? మత్తయి 11లో ప్రభువు కాడి తీసేస్తాననలేదు, నా కాడి ఎత్తుకోమన్నాడు. సరిగ్గా కుదరని కాడి ఎద్దు మెడను ఒరుసుకుపోయి పుండు చేస్తుంది. కుదిరిన కాడితో అదే ఎద్దు పొద్దంతా దున్నుతుంది. పని ఉంటుంది, పుండు ఉండదు.

వరంగల్ అక్క:
మగవాళ్ళు సిద్ధాంతం చెప్పారు, నేను ఆదివారం సంగతి చెప్తా. మందిరం నుంచి రెండింటికి వచ్చి పదిమందికి బగారన్నం, కోడికూర వండితే అది విశ్రాంతి దినం ఎట్లయితది? వారం విడిచి వారం ఉత్త అన్నం, పచ్చిపులుసు పెట్టండి. పులుసుకు పొయ్యి వెలిగించే పనే లేదు. చింతపండు నానేస్తే చాలు, ఉల్లిగడ్డ ఆయన కోస్తాడు.

మూడు అధ్యాయాల లెక్క కూడా వదలండి. బైబిల్లో మొత్తం 1,189 అధ్యాయాలు, ఏడాది చిల్లరలో అయిపోవాలన్న తొందరే ఆ లెక్క. ఒక నెల 23వ కీర్తన ఒక్కటే, ఆరు వచనాలు, పదిహేను నిమిషాలు. ఒక్కో వచనం దగ్గర ఆగండి. ఫోన్‌లో చదివితే మధ్యలో మెసేజ్ వస్తది, పుస్తకం తియ్యండి. నిద్రొస్తే పడుకోండి. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతే బాగుండు అన్నప్పుడు దూత వాక్యం చెప్పలేదు. రొట్టె, నీళ్ళు పెట్టాడు, మళ్ళీ పడుకుంటే లేపి మళ్ళీ పెట్టాడు.

హన్మకొండ సిస్టర్:
థ్యాంక్స్ అక్కా. ఈ శుక్రవారం తినే కూటానికి పోతా. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

వరంగల్ అక్క:
తిన్నానని చెప్పు. ఒంట్లో బాగలేదని సాకు చెప్పకు, వచ్చే వారం ఇంకో సాకు వెతకాలి. ఉపవాసమున్న అక్కల గురించి మనసులో కూడా ఏమీ అనుకోకు, తినేవాళ్ళు తిననివాళ్ళను చులకన చేయొద్దు, తిననివాళ్ళు తినేవాళ్ళకు తీర్పు తీర్చొద్దు అని రోమా 14:3 రెండు పక్షాలకూ రాశారు.