వకీలు అడగని ప్రశ్న హత్య కేసు అప్పీలులో పనికొస్తుందా?

ప్రొద్దుటూరు మేనల్లుడు:
హత్య కేసులో మా మేనమామకు సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసి 38 రోజులైంది, ఆయన ఇప్పుడు కడప కేంద్ర కారాగారంలో ఉన్నాడు. తీర్పు నకలుతో పాటు వచ్చిన వాంగ్మూలాలు చదువుతూ ఒక చోట ఆగిపోయాను. శవపరీక్ష చేసిన డాక్టరు సాక్ష్యం ఒకటిన్నర పేజీ ఉంది, దాని అడుగున ‘క్రాస్: లేదు’ అని, అంటే మా వకీలు ఎదురు ప్రశ్నలేవీ వేయలేదని, మాత్రమే రాసి ఉంది. తెల్లవారుజామున 5 గంటలకు హత్య జరిగిందని ప్రత్యక్ష సాక్షి చెప్పగా, శవపరీక్ష నివేదికలో కడుపులో అరగని అన్నం ఉందని రాశారు. మా పల్లెలో ఆ వేళకు ఎవరూ అన్నం తినరు. ఆ వకీలును మేమే ఎద్దులమ్మి పెట్టుకున్నాం. ఆయన సరిగా వాదించలేదన్న కారణంతో శిక్ష రద్దు చేయమని అడగవచ్చునా?

కర్నూలు వకీలు:
అడగవచ్చు గానీ, దాని మీదే అప్పీలు నిలబెట్టవద్దని నా సలహా. అమెరికాలో 1984 నాటి స్ట్రిక్‌లాండ్ తీర్పు ప్రకారం న్యాయవాది పనితీరు ప్రమాణానికి తక్కువగా ఉందనీ, ఆ లోపం లేకుంటే ఫలితం మారే అవకాశం సహేతుకంగా ఉండేదనీ రెండూ చూపించాలి. మన దగ్గర దీనికి ఆధారం రాజ్యాంగంలోని 21, 22 అధికరణలే. 1997 ఢిల్లీ బస్సు పేలుడు కేసులో 56 మంది సాక్షులను నిందితుడి తరఫున న్యాయవాది లేకుండానే విచారించినందుకు, 2012లో సుప్రీంకోర్టు మళ్లీ విచారణ జరపమంది. 2019 నాటి అనోఖీలాల్ కేసులోనూ, న్యాయవాదిని నియమించిన రోజే అభియోగాలు మోపారన్న కారణంతో మరణశిక్షను పక్కనపెట్టి, యావజ్జీవం లేదా మరణశిక్ష పడగల కేసుల్లో కోర్టు నియమించే న్యాయవాదికి కనీసం 10 ఏళ్ల అనుభవం, సిద్ధం కావడానికి మామూలుగా కనీసం 7 రోజుల గడువు ఉండాలని చెప్పింది. అయితే వీటిలో న్యాయవాది లేకపోవడమో, కోర్టే ఆదరాబాదరాగా ఇవ్వడమో జరిగింది. మీరు మీరే వకాల్తా ఇచ్చి పెట్టుకున్నారు. పాత వకీలు సరిగా అడగలేదన్న ఒక్క కారణంతో సాక్షులను మళ్లీ పిలవకూడదని శివకుమార్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అసలు మీకు ఆ వాదన అంతగా అవసరం లేదు. మొదటి అప్పీలులో హైకోర్టు సాక్ష్యమంతా మళ్లీ తూచుతుంది, అన్నం సంగతి నివేదికలోనే ఉంది. ‘ప్రశ్నించని సాక్ష్యాన్ని ఒప్పుకున్నట్టే’ అని పబ్లిక్ ప్రాసిక్యూటర్ అంటారు, మీ పాత వకీలు మౌనం నష్టం చేసేది అక్కడే. అందుకే డాక్టరును మళ్లీ పిలిపించమని పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలోని 391వ సెక్షన్ (దాని స్థానంలో వచ్చిన కొత్త సంహితలో 432) కింద దరఖాస్తు వేసి, ఏ ప్రశ్న అడగాలో, దాని జవాబు మరణ సమయాన్ని ఎలా మారుస్తుందో అందులో రాయించండి. అరుగుదల మనిషికో రకంగా ఉంటుంది కాబట్టి డాక్టరు జవాబు ఎదురు తిరగవచ్చు, ఆ భయంతోనే మీ వకీలు అడగలేదేమో కూడా.

అనంతపురం గుమాస్తా:
నేను చాలా ఏళ్లు వకీళ్ల దగ్గర గుమాస్తాగా ఉన్నాను. ముందు గడువు చూసుకోండి బాబూ, యావజ్జీవ శిక్ష మీద హైకోర్టుకు 60 రోజులే, నకలు తయారవడానికి పట్టిన రోజులను ఆ 60లో లెక్కించరు. ఎద్దులు అమ్మిన ఇంటికి మళ్లీ ఫీజు కష్టం. ఖైదులో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, మీ మామ జైలు సూపరింటెండెంటుకు అర్జీ ఇస్తే చాలు. ఆ డాక్టరును విచారించిన రోజు డాకెట్ (ఆ రోజు కోర్టులో జరిగింది రాసే కాగితం) నకలు కూడా తెప్పించుకోండి, వకీలు వచ్చారో, వాయిదా అడిగారో అందులో ఉంటుంది.

ప్రొద్దుటూరు మేనల్లుడు:
నకలు చూశాను. ఆ రోజు మా వకీలు రాలేదు, ఆయన జూనియరు వాయిదా కోరగా కోర్టు తిరస్కరించింది.

కర్నూలు వకీలు:
అయితే మీ దరఖాస్తుకు బలం పెరిగింది, శివకుమార్ యాదవ్ కేసుకూ దీనికీ తేడా అదే. వాయిదా నిరాకరించిన ఆ ఉత్తర్వును అప్పీలు కారణాల్లో మొదట పెట్టించండి, వకీలు మీద కోపం మాత్రం కాగితం మీద పెట్టవద్దు.