బోనఫైడ్‌లో దాక్కున్న ‘తో’

బరంపురం నుంచి:
మా అమ్మాయిని విశాఖలో కాలేజీలో చేర్చాలి. నిన్న ఇక్కడి బడికి వెళ్లి ‘బోనఫైడ్’ అడిగాను. గుమస్తా గారిది ఒడియా, నాది తెలుగు, కాగితం ఇంగ్లీషు. ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్నది ఆ ఒక్క మాటే. ఇంటికొచ్చి వెతికితే అది లాటిన్ అని తేలింది. కానీ కాగితమనే అర్థం అందులో ఎక్కడా కనబడలేదు. ఎవరైనా విడమరచి చెబుతారా?

పర్లాకిమిడి నుంచి:
అమ్మా, అందులో కాగితం లేదు. ‘బోన’ అంటే మంచి, ‘ఫిదేస్’ అంటే నమ్మకం. ఆ ‘ఫిదేస్’ కాస్తా ‘ఫిదే’ అయితే మన ‘తో’ వచ్చి చేరినట్టే. మంచి నమ్మకంతో, అంటే మోసం లేకుండా. చేతన్, చేన్, తోడన్, తోన్ అని చిన్నప్పుడు వల్లె వేశాం కదా, ఆ తృతీయా విభక్తి చేసే పనిని లాటిన్‌లో మాట చివరి అచ్చే చేసుకుపోతుంది. రోమనులు పలికింది ‘బొనా ఫిదే’ అని, మన మాటల్లాగే అజంతంగా. ఇంగ్లీషు నోట్లో పడ్డాక ఆ అచ్చు రాలిపోయింది. దానితోపాటే ‘తో’ కూడా రాలింది. మిగిలినదాన్ని మనం కాగితానికి పేరుగా పెట్టుకున్నాం.

పరీక్షల్లో ‘వైవా వోసీ’ కూడా ఇంతే: సజీవమైన గొంతుతో. పిల్లలు గొంతును వదిలేసి ‘వైవా’ను ఉంచుకున్నారు. హైకోర్టు ‘సుమోటో’గా కేసు చేపట్టిందని పత్రికల్లో చదువుతామే, అది ‘సువో మోతూ’. తన కదలికతో, ఎవరూ అర్జీ పెట్టకుండానే.

రాయగడ నుంచి:
మాస్టారూ, కోర్టు కాగితాల మధ్య ఇరవై ఏళ్లు గడిపినవాణ్ణి. మీ ‘తో’ అన్నిటికీ అతకదు. ‘అలిబీ’ అంటే ‘మరొక చోట’. నేరం జరిగిన వేళ నేనక్కడ లేనయ్యా అనే వాదనంతా ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంది. ‘అఫిడవిట్’ అయితే ఏకంగా క్రియ, ‘ప్రమాణం చేశాడు’ అని. కర్తను విడిగా చెప్పనక్కర్లేదు, మన ‘చేశాడు’లాగే. ఒక్కటే తేడా: మన క్రియ ఆడా మగా చెప్పేస్తుంది, లాటిన్ క్రియ చెప్పదు. ప్రమాణం చేసింది రామయ్యో సీతమ్మో ఆ మాటను బట్టి తేలదు.

గుణుపురం నుంచి:
మాది మందుల దుకాణం. చీటీల్లో మాత్ర పేరు పక్కన ‘బి.డి.’ అని ఉంటుంది. ఒక పెద్దాయన దాన్ని ఇంట్లోవాళ్లకు చూపించి, డాక్టరు గారే బీడీ రాశారని నెల రోజులు దర్జాగా కాల్చాడు. అది ‘బిస్ ఇన్ డియే’, రోజుకు రెండుసార్లు అని.

పర్లాకిమిడి నుంచి:
బాగుంది! ఆ ‘బిస్’ పాత లాటిన్‌లో ‘ద్విస్’. సంస్కృతంలోని ‘ద్విః’కు తోబుట్టువు. ‘డియే’ మన దివారాత్రాల్లోని ‘దివా’కు చుట్టం. శాసనసభను ‘సైన్ డై’గా వాయిదా వేశారంటే అందులో వినబడేదీ ఆ రోజే. ఫలానా రోజు అని చెప్పకుండా అని అర్థం. ‘నిరవధికంగా’ అన్నది దానికి చక్కగా కుదిరిన మాట.

ఛత్రపురం నుంచి:
మరి బోనఫైడ్‌కు మాత్రం ఎందుకు కుదరకూడదు? ‘అధ్యయన ధ్రువపత్రం’ అనవచ్చు.

పర్లాకిమిడి నుంచి:
అనవచ్చు బాబూ. ఆ మాట పట్టుకుని బడి కిటికీ దగ్గర ఒకసారి నిలబడి చూడండి. 1936లో మా ఊరు ఒడిశాలోకి వచ్చింది గానీ, గిడుగు రామమూర్తి గారు ఇక్కడే పాఠాలు చెప్పారన్న సంగతి మేం మరిచిపోలేదు. జనం నోట ఉన్న మాటను కాదనడం మా వల్ల కాదు.

బరంపురం నుంచి:
అందరికీ నమస్కారం. ఈరోజు బోనఫైడ్ చేతికొచ్చింది. ఒడియా నోట వకారం బకారమే కాబట్టి మా వాణి అందులో ‘బాణి’ అయింది. దిద్దాలంటే నేను అఫిడవిట్ ఇవ్వాలట. రాయగడ అన్నగారూ, ఆ క్రియకు ఆడా మగా లేదన్నారు, సంతోషం. స్టాంపు కాగితం ఎంతది కొనాలో కూడా చెబుతారా?