పెన్సిల్ గీతకీ పొయ్యి బొగ్గుకీ కరెంటు విషయంలో తేడా ఏమిటి?

ప్రశ్న (రాయగడ): మాస్టార్లకు నమస్కారం. పదో తరగతి కార్బన్ పాఠానికి రెండు టార్చి సెల్లు, టార్చి బల్బు, మధ్యలో పెన్సిల్ గీత పెట్టాం. బల్బు వెలగడం లేదు. గీత బదులు పొయ్యి బొగ్గు పెట్టినా అంతే. గ్రాఫైట్ విద్యుత్ వాహకమని పిల్లలకు ఎలా చూపించాలి?

జవాబు (పర్లాకిమిడి): ముందు ఆ బల్బు తీసెయ్యండి, దానికి వందల మిల్లీ ఆంపియర్లు కావాలి. పెన్సిల్ ములుకులో గ్రాఫైట్‌తో పాటు బంకమట్టి కూడా ఉంటుంది, గీత నిరోధం వేల ఓములు. 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్‌ఈడీ, 6బీ పెన్సిల్ తెచ్చుకోండి. మామూలు హెచ్‌బీ పెన్సిల్‌లో మట్టి ఎక్కువ. సెంటీమీటరు వెడల్పు, 3 సెంటీమీటర్ల పొడవున కాగితం నిగనిగలాడేదాకా రుద్దండి. ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి. వెలుగు సన్నగానే వస్తుంది, కిటికీ మూయండి. వైర్లను దగ్గరికి జరిపితే పెరుగుతుంది.

జవాబు (సిరోంచ): టార్చి బల్బే వెలగాలంటే పాత జింక్-కార్బన్ సెల్లులోని నల్ల కార్బన్ కడ్డీ వాడండి. దాని మీద మైనం ఉండొచ్చు, గరుకు కాగితంతో గీకండి. ఆ కడ్డీతో ఎల్‌ఈడీ పెడితే మాత్రం 470 ఓముల రెసిస్టరు తప్పదు, లేకపోతే మాడిపోతుంది. ఆల్కలైన్ సెల్లు కొయ్యకండి. అందులో కార్బన్ కడ్డీ ఉండదు, ఉన్న పొటాషియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది.

ప్రశ్న (రాయగడ): మరి బొగ్గు సంగతి?

జవాబు (పర్లాకిమిడి): గ్రాఫైట్‌లో ఒక్కో కార్బన్ మూడింటితోనే బంధం కడుతుంది, నాలుగో ఎలక్ట్రాన్ పొరంతా తిరుగుతుంది. పొరలో పరమాణువుల మధ్య దూరం 0.142 నానోమీటర్లు, పొరకీ పొరకీ 0.335. అందుకే పొరలు జారి కాగితానికి అంటుకుంటాయి. వజ్రంలో నాలుగు ఎలక్ట్రాన్లూ బంధాల్లోనే ఇరుక్కుంటాయి. అయినా వేడిని రాగికన్నా బాగా మోస్తుంది కాబట్టి 'వాహకం కాదు' అని ఊరుకోకండి, 'విద్యుత్' అని కలపండి.

400–500 డిగ్రీల దగ్గర కాలిన బొగ్గులో ఆ పొరలు చిన్న చిన్న తునకలుగా, ఒకదానితో ఒకటి కలవకుండా ఉంటాయి. హైడ్రోజన్, ఆక్సిజన్ ఇంకా మిగిలే ఉంటాయి. 800 దాటితే తునకలు కలుసుకుంటాయి, కరెంటు పారుతుంది. కాబట్టి అదే పొయ్యిలో బాగా కణకణలాడిన మరో ముక్క పనిచేసినా ఆశ్చర్యం లేదు. అంతమాత్రాన అది గ్రాఫైట్ కాదు. నేలబొగ్గు నుంచి తీసే కోక్ లాంటివి 3000 డిగ్రీల దాకా కాలిస్తే గ్రాఫైట్‌గా మారతాయి, కొన్ని కార్బన్లు ఎంత కాల్చినా మారవని బ్రిటిష్ శాస్త్రవేత్త రోజలిండ్ ఫ్రాంక్లిన్ 1951లో చూపారు. కట్టె బొగ్గు రెండో రకం.

చేసి చూడాలంటే బొగ్గును మూతకు సన్నని బెజ్జం పెట్టిన ఇనప డబ్బాలో వేసి, కమ్మరి కొలిమిలో నారింజ రంగు వచ్చేదాకా ఉంచండి. డబ్బా పూర్తిగా చల్లారాకే మూత తియ్యాలి, వేడి మీద తీస్తే గాలి తగిలి బొగ్గు అంటుకుంటుంది.